రెండు జబ్బులకు ఒకే క్యాలెండరు

హైదరాబాద్ మూసాపేటలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీ వైపు డ్యూటీకి వెళ్లేవాళ్లకు భరత్‌నగర్ దాటగానే ఎర్రగడ్డ స్టేషన్ వస్తుంది, దాని తర్వాత ఈఎస్ఐ హాస్పిటల్. అమీర్‌పేటలో లైను మారే హడావుడిలో వాటి వైపు ఎవరూ చూడరు. కానీ ఆ బోగీలో నిలబడ్డవాళ్లలో కొందరికి, ఆ రెంటిలో ఏదో ఒక స్టేషన్‌లో దిగి డాక్టరుకు చూపించుకోవాల్సిన తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. వచ్చే వారం చూద్దాంలే అనుకుని నెల అవుతుంది. మందులు అయిపోతాయి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో ఇంకో స్ట్రిప్ తెచ్చుకుంటారు. షుగరు మాత్రం చూపించుకోరు.

ఈ వ్యాసం వాళ్ల కోసం. డిప్రెషన్, బైపోలార్, స్కిజోఫ్రెనియా, ఓసీడీ లాంటి జబ్బుకు మందులు వాడుతూ, దానికి తోడు షుగరు కూడా ఉండి, ఉద్యోగం మానకుండా ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరగాల్సినవాళ్ల కోసం. కోడింగ్ చేసేవాళ్లకీ, ఆ బిల్డింగుల్లో గేటు కాసేవాళ్లకీ, ఫ్లోర్లు తుడిచేవాళ్లకీ, క్యాబ్ నడిపేవాళ్లకీ కూడా.

ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిని పట్టుకోవడం మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. షుగరు ఉన్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్లకంటే దాదాపు రెండింతలు. రెండో వైపు నుంచి చూస్తే, ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులు మనసును నిలబెడతాయి కానీ ఆకలిని, బరువును, రక్తంలో చక్కెరను పెంచుతాయి. అందుకే ఈ తరహా మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టిన 12 వారాలకు ఇంకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారైనా షుగరు చూడాలని అమెరికాలో షుగరు డాక్టర్లు, మానసిక వైద్యులు కలిసి 2004లోనే సూచించారు. అంటే మీకు ఇప్పటికి షుగరు లేకపోయినా, ఈ మందులు వాడుతుంటే ఆ పరీక్ష మీ క్యాలెండరులో ఉండాల్సిందే. షుగరు వచ్చిందని భయపడి మనసు మందు మీరే ఆపేయకండి. మందు మార్చాలా, డోసు తగ్గించాలా, షుగరుకు ఇంకో గోలీ కలపాలా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

డాక్టరు తేదీ ఎందుకు తప్పుతుంది? ఇంట్లోవాళ్లు నిర్లక్ష్యం అంటారు, ఆఫీసులో బాధ్యత లేదంటారు. నేను ఒప్పుకోను. ఫోన్ తీసి ఒక నంబరు నొక్కడానికి కావలసిన ఓపికనే డిప్రెషన్ ముందుగా తినేస్తుంది. బైపోలార్‌లో మనసు పైకి ఎగసినప్పుడు, నాకేమీ జబ్బు లేదు, ఇంత హుషారుగా ఎప్పుడూ లేను అనిపిస్తుంది. డాక్టరు అవసరం అన్నిటికంటే ఎక్కువ ఉండేది ఆ వారాల్లోనే. చక్కెర బాగా పెరిగితే నీరసం, మసక చూపు, చిరాకు. తేదీ గుర్తుపెట్టుకోవాల్సిన బుర్రనే జబ్బు పట్టినప్పుడు, గట్టిగా అనుకుంటే వెళ్లగలవు అని చెప్పడం అన్యాయం. 2015–16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, మానసిక సమస్య ఉన్నవాళ్లలో నూటికి 80 మందికి పైగా వైద్యం అందడం లేదని తేలింది. వైద్యం మొదలుపెట్టి, ఉద్యోగం కూడా చేస్తున్నారంటే మీరు ఇప్పటికే చాలా దూరం వచ్చినట్టు. ఇక డాక్టరు దగ్గరికి వెళ్లే పనిని పట్టుదల మీద వదలకుండా ఏర్పాటు మీద పెట్టాలి. ఒంట్లో, మనసులో కాస్త బాగున్న రోజున కూర్చుని, బాగాలేని రోజుకు కూడా పనికొచ్చేలా చేసుకునే ఏర్పాటు.

ముందు ఒక లెక్క వేద్దాం. మానసిక వైద్యుణ్ణి రెండు నెలలకోసారి కలుస్తున్నారనుకుంటే ఏడాదికి ఆరు సార్లు. షుగరు డాక్టరు మూడు నెలలకోసారి, నాలుగు సార్లు. ఆ నాలుగింటికీ ముందు రక్తపరీక్షకు ఇంకో నాలుగు పొద్దులు. ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష. అన్నీ విడివిడిగా పెట్టుకుంటే పదిహేను సార్లు ఆఫీసులో పర్మిషన్ అడగాలి. పదిహేను సార్లు అడిగే బలం మనలో ఎవరికి ఉంటుంది? మధ్యలో ఎక్కడో తెగుతుంది. తెగేది సాధారణంగా షుగరు వైపే, ఎందుకంటే అది వెంటనే నొప్పి పుట్టించదు.

అందుకని ఇద్దరు డాక్టర్లనూ ఒకే రోజుకు, కనీసం ఒకే వారానికి తెచ్చుకోవాలి. మానసిక వైద్యుణ్ణి నేరుగా అడగండి: “డాక్టరుగారూ, మందులు కుదిరాయి కదా, మూడు నెలలకోసారి రావచ్చా? షుగరు డాక్టరుగారి తేదీ కూడా అప్పుడే పెట్టుకుంటాను.” జబ్బు నిలకడగా ఉంటే చాలామంది ఒప్పుకుంటారు. షుగరు అదుపులో ఉంటే మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఆరు నెలలకోసారి సరిపోతుంది, లేకపోతే మూడు నెలలకోసారి. అప్పుడు, రక్తం డ్యూటీ లేని వేళ ఇచ్చేస్తే, పదిహేను కాస్తా ఏడాదికి నాలుగైదు పూటలవుతుంది. తెలంగాణ షాపులు, సంస్థల చట్టం ఉద్యోగికి ఏడాదికి 12 రోజుల సిక్ లీవు, 12 రోజుల క్యాజువల్ లీవు ఇస్తుంది. వాటిలో ఇవి హాయిగా ఇమిడిపోతాయి, జ్వరానికీ పండగకీ ఇంకా మిగులుతాయి.

రక్తపరీక్షలు కూడా ఒక్క సూదితో పోవాలి. హెచ్‌బీఏ1సీ, కిడ్నీ పనితీరు, కొవ్వు, థైరాయిడ్ ఇద్దరు డాక్టర్లకూ కావాల్సినవే. ఒకే రిపోర్టు రెండు కాపీలు తీయించుకోండి. లిథియం వాడేవాళ్లకు దాని స్థాయి పరీక్ష రాత్రి డోసు వేసుకున్న 12 గంటలకు చేయాలి. పొద్దున డోసు ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ఇంకో మాట చాలామందికి తెలియదు: హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు. సాయంత్రం షిఫ్టు అయ్యాక కూడా ఇవ్వొచ్చు. పరగడుపుతో చేసేవి ఉంటే మాత్రం, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి గోలీ గానీ టిఫిన్‌కు ముందు వేసుకోవాలా వద్దా అని ముందే అడిగి ఉంచుకోండి. వేసేసుకుని లైనులో గంట నిలబడితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే ప్రైవేటు ల్యాబుకే పోనక్కర్లేదు. బస్తీ దవాఖానాల్లో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ఉచితంగా పరీక్ష చేస్తుంది. డాక్టరు తేదీకి వారం ముందు ఈ పని అయిపోతే, ఆ రోజు చేతిలో రిపోర్టుతో వెళ్తారు.

వేళ కూడా ఆలోచించి పెట్టుకోవాలి. రాత్రి వేసుకునే మందులతో పొద్దున మగత దిగనివాళ్లు ఎనిమిదింటికి అపాయింట్‌మెంట్ తీసుకోవడం అంటే తప్పిపోవడానికి తీసుకున్నట్టే. ప్రైవేటు క్లినిక్ అయితే పదకొండు తర్వాతో సాయంత్రమో అడగండి. గవర్నమెంటు ఆసుపత్రిలో ఓపీ పొద్దున పూటే కాబట్టి, ముందు రాత్రి మందు రెండు గంటలు ముందు వేసుకోవచ్చా అని డాక్టరును అడిగి పెట్టుకోండి. నైట్ షిఫ్టువాళ్లు షిఫ్టు దిగి నేరుగా వెళ్లకూడదనే నేనంటాను. నిద్రలేని ముఖంతో, నిద్రలేని షుగరుతో చూపించుకుంటే డాక్టరుకు మీ అసలు పరిస్థితి అందదు. వీక్లీ ఆఫ్ రోజో, షిఫ్టు మారే రోజో పెట్టుకోండి. కంటి పరీక్షకైతే పూర్తి రోజు సెలవే పెట్టండి. కనుపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తారు, కొన్ని గంటలు దగ్గరివి కనిపించవు. స్క్రీను చూడలేరు, బండి అసలే నడపకూడదు.

మూసాపేటలోనే ఉండే ఒకావిడ ఫైలు నేను చూశాను. మామూలు ప్లాస్టిక్ ఫోల్డరు. తెరవగానే మొదటి కాగితం మీద పెద్ద అక్షరాలతో ఆవిడ వాడే అన్ని మందులు, డోసులు, పొద్దున్నా రాత్రా అన్నది ఉన్నాయి. మనసు మందులు నీలం పెన్నుతో, షుగరు మందులు ఎర్ర పెన్నుతో. దాని కింద మూడు ప్రశ్నలు: “నిద్ర పట్టాక మధ్యలో ఆకలేస్తోంది, ఏం తినాలి? కాళ్ల తిమ్మిరి దేనివల్ల? మాత్ర ఉదయానికి మార్చొచ్చా?” వెనక అరలో గ్లూకోమీటరు రీడింగులు, పోయినసారి ఓపీ చీటీ, ఓ పార్లే-జీ ప్యాకెట్. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మాట రాకపోతే ఆ కాగితం తిప్పి ఆయన ముందు పెడుతుంది. అంతే. ముందు రోజు రాత్రి వరంగల్ నుంచి చెల్లెలు ఫోన్ చేస్తుంది: “అక్కా, రేపు నీ డాక్టర్ల రోజు. గోలీ తొందరగా వేసుకుని పడుకో. లేచాక నాకు మిస్డ్ కాల్ ఇవ్వు.” వెళ్లావా, ఎందుకెళ్లలేదు అని ఆ పిల్ల ఎప్పుడూ నిలదీయదు. మిస్డ్ కాల్ రాకపోతే తనే చేస్తుంది.

అలాంటి మనిషి ఒకరు కావాలి. ఇంట్లోవాళ్లే కానక్కర్లేదు, హాస్టల్లో రూమ్మేటు కావచ్చు. వాళ్లకు మీ జబ్బు చరిత్ర అంతా చెప్పక్కర్లేదు, తేదీ, టైము, ఆసుపత్రి పేరు చాలు. బైపోలార్ లాంటి జబ్బు ఉన్నవాళ్లు ఇంకో అడుగు వేయవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, రేపు నేను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే నా తరఫున ఫలానా వారు మాట్లాడాలి అని ముందే రాసిపెట్టుకోవచ్చు. ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో కూడా రాయొచ్చు. బాగున్నప్పుడు మీరే రాసుకునే కాగితం అది, మీ మాటే అందులో నిలుస్తుంది.

తేదీలు తప్పడానికి ఇంకో పెద్ద కారణం సిగ్గు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. షుగరు రీడింగు బాగా రాలేదు, డాక్టరు తిడతారు, అది తగ్గాక వెళ్దాం. ఈ ఆలోచనతో ఆగిపోయినవాళ్లు చాలామంది. కొందరు పరీక్షకు ముందు మూడు రోజులు అన్నం మానేసి, రొట్టె తిని వెళ్తారు. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చెబుతుంది, మూడు రోజుల ఉపవాసానికి అది మోసపోదు. చెడ్డ రీడింగే డాక్టరుకు పనికొచ్చే రీడింగు. మందు మార్చాల్సింది దాన్ని చూసే. తిట్టే డాక్టరు ఉంటే ఒక మాట చెప్పండి: “సార్, నాకు డిప్రెషన్ కూడా ఉంది, దానికి మందులు వాడుతున్నా. కోప్పడితే మళ్లీ రావడానికి ధైర్యం చాలదు.” నేను విన్నంతవరకు ఈ మాటకు కరగని డాక్టరు అరుదు. కరగకపోతే డాక్టరును మార్చుకోవడం తప్పేమీ కాదు. షుగరు డాక్టరు దగ్గర మనసు మందుల సంగతి దాచడం మాత్రం ప్రమాదం. ఏ మందు ఏ మందుతో పొసగదో చూడాల్సింది వాళ్లే.

ఇక రెండో సిగ్గు ఎర్రగడ్డది. మన ఊళ్లో ఆ పేరును తిట్టుగా వాడతారు, సినిమాల్లో నవ్వులకు వాడారు. అది చాలా మందిని ఆ స్టేషన్‌లో దిగనీయలేదు, నాకు బాధ కలిగించే సంగతి ఇది. అక్కడున్నది గవర్నమెంటు మానసిక వైద్యశాల. ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని, మధ్యాహ్నానికి పనికి పోయేవాళ్లు అక్కడ రోజూ ఉంటారు. మూసాపేట నుంచి రెండే స్టాపులు. అక్కడికి పోవడం ఇష్టంలేకపోతే గాంధీ, ఉస్మానియా లాంటి జనరల్ ఆసుపత్రుల్లో కూడా మానసిక వైద్య విభాగం ఉంది. ఒకే ఆవరణలో షుగరు ఓపీ కూడా ఉంటుంది కాబట్టి ఇద్దరినీ ఒకే రోజు చూసుకోవాలనుకునేవాళ్లకు అదే మేలు కావచ్చు. అక్కడ ఒక్కో యూనిట్‌కు ఒక్కో ఓపీ రోజు ఉంటుంది. మీ డాక్టరు ఏ రోజు కూర్చుంటారో చీటీ మీద రాయించుకోండి, లేకపోతే ప్రతిసారీ కొత్త డాక్టరుకు మొదటినుంచీ కథ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఆఫీసులో ఎంత చెప్పాలి? నా అభిప్రాయం: తేదీలన్నీ చెప్పండి, జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. షుగరు ఉందని చెప్పడం మన దగ్గర తేలిక, దానికి ఎవరూ ముఖం మార్చరు. షుగరు చెకప్ అని చెప్పి అదే రోజు మానసిక వైద్యుణ్ణి కూడా కలిసి వస్తే మీరు అబద్ధం చెప్పినట్టు కాదు. మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 చట్టమే ఇచ్చింది. మేనేజరుకు ఇలా మెయిల్ పెట్టొచ్చు: “నేను ఒక దీర్ఘకాలిక ఆరోగ్య సమస్యకు చికిత్స తీసుకుంటున్నానండి. రాబోయే ఆరు నెలల్లో ఈ మూడు తేదీల్లో ఉదయం డాక్టరును కలవాలి. ఆ రోజుల్లో మధ్యాహ్నం 2 నుంచి పనిలో ఉంటాను. రిలీజ్ ప్లాన్ వేసేటప్పుడు వీటిని చూసుకోమని మనవి.” ముందు రోజు సాయంత్రం అడిగే పర్మిషన్‌కు, ఆరు నెలల ముందు చెప్పిన తేదీకి చాలా తేడా ఉంటుంది. మొదటిదాన్ని కాదనడం సులువు, రెండోదాన్ని కాదనాలంటే కారణం చూపించాలి. ఆసుపత్రి నుంచి రుజువు అడిగితే, ఫలానా రోజు ఓపీకి హాజరయ్యారు అని మాత్రం రాసివ్వమని డాక్టరును అడగండి.

నైట్ షిఫ్టు వద్దనడం లాంటి పెద్ద మార్పు కావాలంటే, ఈ మనిషికి క్రమమైన నిద్ర అవసరం, రాత్రి పని పెట్టవద్దు అని డాక్టరు ఉత్తరం రాయించుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది, ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని అందులో ఉంది. మీ కంపెనీ పోర్టల్‌లో అది ఎక్కడుందో వెతకండి. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, డిప్రెషన్, ఓసీడీ ఉన్న ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో, మానసిక వైకల్యం ఉన్నవారిపై క్రమశిక్షణ చర్యలు పరోక్ష వివక్ష కిందికి వస్తాయని చెప్పింది. ఈ మాటలు తెలిసి ఉండటం మంచిది, మొదటి మెయిల్‌లోనే చట్టం ఎత్తడం మాత్రం మంచిది కాదు. మేనేజరుకు ముందు మనిషిగా స్పందించే అవకాశం ఇవ్వండి.

నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లలో చాలామందికి ఈఎస్ఐ కోత పడుతూనే ఉంటుంది, కానీ దాన్ని వాడుకోరు. మీ పేస్లిప్ చూడండి. ఈఎస్ఐ డిస్పెన్సరీలో చూపించుకుంటే మందులు ఉచితం, అక్కడి నుంచి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి రాస్తారు. డాక్టరు సర్టిఫికెట్‌తో సెలవు పెడితే నిబంధనల ప్రకారం ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. రెండేళ్లు కంట్రిబ్యూషన్ ఉన్నవాళ్లకు సైకోసిస్ లాంటి కొన్ని దీర్ఘ జబ్బుల్లో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా కూడా పొడిగిస్తారు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఏజెన్సీల్లో చేసేవాళ్లు సూపర్‌వైజరు “రోజు కట్” అంటే అక్కడితో ఆగకుండా ఈఎస్ఐ నంబరు అడిగి తీసుకోండి.

పనిలో ఉండగా ఒక్కసారిగా చెమటలు, గుండె దడ, చేతులు వణకడం వస్తే పానిక్ అనుకుని కూర్చోవద్దు. షుగరు పడిపోయినా అచ్చం అలాగే ఉంటుంది. ముందు వేలికి సూది గుచ్చి చూడండి. 70 కంటే తక్కువుంటే, చూసే వీలు లేకపోయినా సరే, మూడు నాలుగు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ఇలాంటివి ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చాయో రాసిపెడితే ఇద్దరు డాక్టర్లకూ అదే పెద్ద ఆధారం.

మందుల విషయంలో ఒక్కటే గుర్తు: చివరి స్ట్రిప్ విప్పిన రోజే అపాయింట్‌మెంట్‌కు ఫోన్ చేయాలి. ఫోన్‌లో మాట్లాడటం కష్టమైన రోజుల కోసం, “ఈ రోజు రాలేకపోతున్నాను, దయచేసి మరో తేదీ ఇవ్వండి” అన్న మెసేజు ఇప్పుడే టైపు చేసి దాచుకోండి. ఒక్క నొక్కుతో పోతుంది. వెళ్లలేని రోజున వీడియోలో ఫాలో-అప్ చూస్తారా అని అడగండి. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల తర్వాత అది మామూలైంది.

తేదీ ఇప్పటికే తప్పిపోయి ఉంటే, ఎన్ని నెలలైనా సరే, సంజాయిషీ తయారుచేసుకోవాల్సిన పని లేదు. క్లినిక్‌కు ఫోన్ చేసి ఇంతే చెప్పండి: “అమ్మా, నేను మీ పాత పేషెంటును. మధ్యలో రాలేకపోయాను. త్వరగా ఉన్న తేదీ ఇవ్వండి.” ఈలోగా ఒక జాగ్రత్త తప్పనిసరి. క్లోజపిన్ రెండు రోజులకు మించి ఆగినా, లామోట్రిజిన్ కొన్ని రోజులు ఆగినా, పాత డోసుతో మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకూడదు. డాక్టరు తక్కువ డోసు నుంచి పెంచుకుంటూ వస్తారు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు అది ఆగిపోయి వాంతులు, విపరీతమైన దాహం, ఆయాసం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. బతకాలని లేదు అన్న ఆలోచన వచ్చిన రాత్రి కూడా అంతే, ఎదురుచూడకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో కూడా వాళ్లనే అడగండి.